అక్క శనగచేలో జింకల పెళ్లి

నా జీవితంలో నేను ఒకే ఒక్క పెళ్లికి పెద్దమనిషిగా నిలబడ్డాను. జాగా నేనే చూశాను, అలంకారం నేనే చేశాను, పిలుపులు నేనే పంపాను, వచ్చిన వాళ్లందరికీ కడుపునిండా పెట్టించాను. చిక్కల్లా ఏమిటంటే ఆ పెళ్లి జింకలది, పెట్టిన భోజనం మా అక్క రెండెకరాల శనగచేను.

చుట్టాల్లో ఎవరింట్లో నలుగురు బంతిలో కూర్చున్నా ఎవరో ఒకరు "ఏదీ, ఆ జింకల ముచ్చట చెప్పు" అంటారు. చెప్పి చెప్పి అలసిపోయాను. నేను చెప్పేలోపు నా విస్తట్లో అన్నం చల్లారిపోతుంది, వినేవాళ్లు మాత్రం రెండోసారి పప్పు వడ్డించుకుంటారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ల చేతిలో ఈ కాగితం పెట్టి నా అన్నం నేను తింటాను.

రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు జరిగిన సంగతి ఇది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మాది నేత కుటుంబం. మా నాయిన మగ్గం గుంటలో కూర్చుని నేసి నేసి, చూపు మసకబారాక కూడా తడుముకుంటూ నేసి, మగ్గం మీద సగం చీర ఉండగానే పోయాడు. ఇక నా సంగతి. నాకు నేత చేతకాదని కాదు, ఒకచోట కూర్చోవడం చేతకాదు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టాను, ఆర్నెల్లు. ఆటో నడిపాను, నాలుగు నెలలు. కోళ్లు పెంచాను, అవి నాకంటే ముందే విసిగి చచ్చాయి. మొత్తానికి మా వాళ్లలో ఎవరికి ఏ సాయం కావాలన్నా దొరికే మనిషిని నేనే, ఎందుకంటే ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉండేవాణ్ణి.

మా అక్క పేరు అంజమ్మ. ఆమెను మక్తల్ దాటాక కృష్ణ ఒడ్డు వైపు ఒక నల్లరేగడి ఊళ్లో ఇచ్చారు. బావ కూడా నేతింట పుట్టినవాడే, కానీ మగ్గం వదిలి రెండెకరాలు సాగు చేసుకుంటున్నాడు. ఆ ఏడు దసరా పోయాక శనగ విత్తారు. మొలక జానెడు లేచిందో లేదో, బావ ట్రాక్టర్ ట్రాలీ మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పాలమూరు దవాఖానలో వేశారు. అక్క పక్కన ఉండాలి. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

"తమ్మీ, నీకేమన్న పనున్నదారా?"

"నాకేం పనుంటదక్కా."

"నేను గదే అనుకున్న. జర మా ఊరికి పోయి చేను సూస్కో. జింకలు ఆగం జేస్తున్నయి. గీ శనగ పోతె ఏడాదంత మాకు ఏం లేదురా. మీ బావ సూస్తె మంచంల పడ్డడు."

"నువ్వు ఫికర్ జెయ్యకక్కా. నేనున్న గద."

"నువ్వున్నవనే ఫికరు. ఇను. పొద్దుగాల ఒకపారి, పొద్దూకంగ ఒకపారి చేను సుట్టు తిరుగు. పళ్లెం గొట్టు. కట్టిన చీరెలు ఊడితె మల్ల కట్టు. గంతే. నీ తెలివి మాత్రం పెట్టకు."

ఈ ఆఖరి మాటను మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. నాకు గుర్తున్నదల్లా నన్ను నమ్మి ఒక మనిషి ఏడాది తిండిని అప్పగించిందన్న సంగతే. అంతకుముందు నాకు మా ఇంటి తాళంచెవి కూడా ఎవరూ అప్పగించలేదు. బస్సులో కూర్చుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగినట్టనిపించింది.

అక్కడి జింకలను ఎరగని వాళ్లకు ఒక మాట చెప్పాలి. అవి కృష్ణజింకలు. పోతుకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది, కొమ్ములు మెలితిరిగి ఉంటాయి. ఆడవాటికి కొమ్ములుండవు, ఒళ్లు గోధుమ రంగు. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో" అంటారు. రైతు కూడా అదే మాట అంటాడు, అవి పక్కవాడి చేలో ఉన్నంతసేపు. వాటిని కొట్టకూడదు, పట్టకూడదు, ఉచ్చు పెట్టకూడదు. పెడితే జైలే. అందుకని ఆ వైపు రైతులు పాత చీరలు కూడబెట్టి, చేను చుట్టూ కర్రలు పాతి, కొంగుకు కొంగు ముడేసి కంచె కడతారు. గాలికి చీరలు కొట్టుకుంటుంటే జింక దగ్గరికి రావడానికి జంకుతుంది.

అంతెత్తున ఎగిరే జంతువు నడుమెత్తు చీరను దాటలేదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. పక్క చేను బాలప్ప తాతను అడిగాను. ఆయనకు డెబ్బై దాటాయి, మాట మాత్రం ఇంకా పదునే.

"అవతల ఏమున్నదో కండ్లకు కనవడకుంటె అది దుంకదు పిలగా. దానికి గంత అకల్, గంత తెలివి ఉన్నది. మనుషులే సూడకుండ దుంకుతరు."

మొదటి నాలుగు రోజులు అక్క చెప్పినట్టే చేశాను. తెల్లవారకముందే లేవడం, స్టీలు పళ్లెం ఒక చేత్తో, గరిటె ఇంకో చేత్తో పట్టుకుని "హోయ్ హోయ్" అంటూ చేను చుట్టూ తిరగడం. రేగడి మట్టి చెప్పులకు అంటుకుని ఒక్కో కాలు రెండు కిలోలయ్యేది. నాలుగో రోజుకు జింకలకు నా వేళలు తెలిసిపోయాయి. నేను తూర్పున ఉంటే అవి పడమర కంచె దగ్గర నిలబడేవి, నేను పడమరకు పరిగెడితే తూర్పుకు నడిచేవి. నేను పరిగెత్తేవాణ్ణి, అవి నడిచేవి. సాయంత్రానికి నా మోకాళ్లు నాకు ఎదురు మాట్లాడేవి. అయినా కంచె బాగుంది, చేను బాగుంది. ఆ అలసటతోనే సరిపెట్టుకుని ఉంటే ఈ కాగితం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఐదో రోజు ఊడిన ముడి వేస్తుంటే ఉత్తరం మూలన ఒక చీర నా చేతికి తగిలింది. మిగతావన్నీ నైలాన్ చీరలు. ఇది నూలు. ఎండకు వెలిసిన ఆకుపచ్చ రంగు, ఆవపువ్వు రంగు అంచు, అంచులో వరసగా మెట్లుమెట్లుగా లేచే గుళ్ల బొమ్మలు. వేలితో తడుముతూ పోయాను. కొంగు దగ్గర ఒక గుడికి ఒక మెట్టు తక్కువుంది. మా నాయిన చూపు పోతున్న రోజుల్లో నేసిన చీర అది. ఆ తప్పు దొరికినరోజు ఆయన అన్నం తినలేదు. అమ్మడానికి మనసొప్పక అక్కకే ఇచ్చాడు.

అలాంటి చీరను జింకలను బెదిరించడానికి కట్టెకు కట్టారా అని నాకు కడుపు మండింది. అక్క మీద కోపం వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, అబద్ధం ఎందుకు. చీర విప్పి, మట్టి దులిపి, మడతపెట్టి నా సంచిలో దాచుకున్నాను. దాని స్థానంలో నా లుంగీ కట్టాను. లుంగీ రెండు గజాలు, సందు ఆరు గజాలు. మిగిలిన నాలుగు గజాల సంగతి జింకలు చూసుకున్నాయి.

మర్నాడు పొద్దున చేలోకి దిగేసరికి పన్నెండు జింకలు అక్కడే ఉన్నాయి. పళ్లెం కొడితే గాల్లోకి ఎగిరి ఎగిరి సందులోంచి బయటకు పోయాయి. సాయంత్రం మళ్లీ వచ్చాయి. ఆ సందు వాటికి మా అక్క ఇంటి వాకిలైపోయింది. చీర తిరిగి కట్టేస్తే పోయేదానికి, నాకు మనసు రాలేదు. బదులు కట్టడానికి ఇంట్లో అక్క కొత్త చీరలు తప్ప ఇంకేమీ లేవు, వాటి జోలికి పోతే అక్క నన్నే కట్టెకు కట్టేది. ఇక మిగిలింది ఏమిటి? నా తెలివి.

ఊరి మొదట్లో టీ హోటలుకు అటవీశాఖ బీటు ఆఫీసరు ఒకాయన అప్పుడప్పుడూ వచ్చేవాడు. ఆ రోజు దొరికాడు. పక్కన కూర్చుని మెల్లగా కదిపాను.

"సార్, గీ జింకల కొమ్ములు ఎప్పుడు రాలుతయి? అప్పుడన్న జర సల్లవడతయా?"

"రాలేటియి దుప్పి కొమ్ములయ్యా. ఏడాదికోపారి రాలి మల్ల మొలుస్తయి. ఇది జింక. దీని కొమ్ములు సచ్చేదాంక దీనితోనే."

"మరి గీటికి దేనికి భయం లేదా సార్?"

"ఎందుకు లేదు? పోతుకు ఇంకో పోతంటె భయం. మీ చేను పక్క బీడుల నల్లగ ఒకటి నిలవడ్డది సూసినవా? గది దాని జాగ. దినాం ఒక్కతాన్నే పెంట ఏస్తది, కుప్ప జేస్తది. కండ్ల పక్క గుంటలల్ల జిగురుంటది, గది పుల్లలకు రాస్తది. గీ హద్దు నాది అని జెప్పుడన్నట్టు. ఇంకో పోతు అండ్ల అడుగువెడితె కొమ్ములతోని కుమ్ముతది."

"అంటె సార్, గా పెంట ఉన్నకాడికి వేరే పోతులు రావు?"

"సోచాయించుకోని, ఎనకముందాడి వస్తయి. కాని, ఇంకో ముచ్చటున్నది..."

ఆ ముచ్చట ఏమిటో వినడానికి నేను అక్కడ లేను. సగం టీ గ్లాసు బల్ల మీద వదిలేసి, రెండు ఎరువుల సంచులు చంకన పెట్టుకుని బీడు వైపు నడుస్తున్నాను. సగం విన్నవాడు మొత్తం తెలిసినవాడి కంటే రెట్టింపు జోరుగా నడుస్తాడు.

మిట్టమధ్యాహ్నం నల్లపోతు తుమ్మచెట్టు నీడకు పోయిన సమయం చూసి దాని కుప్ప మొత్తం సంచుల్లోకి ఎత్తాను. నల్లగా, గుండ్రంగా, మేక పెంటికలంత. ఎన్నాళ్ల నుంచి పోగేసుకుందో, రెండు సంచులూ నిండాయి. దూరం నుంచి అది నన్ను చూస్తూనే ఉంది. నేను కదిలాక నిదానంగా వచ్చి ఖాళీ నేల వాసన చూసి, తల ఎత్తి నాలుగు దిక్కులూ చూసింది. ఇంట్లో దొంగలుపడ్డ మనిషి కూడా అలాగే చూస్తాడు.

గట్టు మీద బాలప్ప తాత ఎదురొచ్చాడు. సంచుల వైపు అనుమానంగా చూశాడు.

"ఏందిరా అండ్ల? జింకపిల్లను గిట్ల పట్టినవా? కేసయితది సూడు. ఎనకట వలలేసి కుక్కలను తోలి వేటాడెటోళ్లు. ఇప్పుడు దాన్ని ముట్టుకుంటె జైలు."

"జింక కాదు తాతా. జింక పెంట."

తాత ఒక సంచి మూతి విప్పి చూశాడు. చేత్తో తీసి చూశాడు. నా మొహం చూశాడు.

"నా చిన్నప్పటి సంది యవుసం జేస్తున్న. కోళ్ల దొంగలను సూసిన, మోటర్ల దొంగలను సూసిన. పెంట దొంగను గిప్పుడే సూస్తున్న. ఏం జేస్తవురా దీన్ని?"

"చేను సుట్టు కుప్పలు పోస్త. ఇది ఎవని జాగనో అని మిగిలిన జింకలన్ని బెదిరి పోతయి."

"ఎవరు జెప్పిండ్రు?"

"ఫారెస్టు సారే జెప్పిండు."

"మొత్తం జెప్పిండా?"

డెబ్బై ఏళ్ల మనిషి అడిగిన ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఆగలేదు. "మీకు తెల్వది తాతా, ఇది సైన్సు" అని పెద్దవాణ్ణి పట్టుకుని ఒక మాట కూడా అన్నాను. తాత గట్టు దిగి తన చేలోకి పోయాడు.

ఇక్కడ నాలోని నేతగాడు లేచాడు. మగ్గం మీద కూర్చున్నప్పుడు ఎన్నడూ లేవని నేతగాడు. "అంచు గట్టిగుంటె చీర ఇచ్చుకపోదురా" అని నాయిన అంటుండేవాడు. చేనుకు కూడా అంచే ముఖ్యం అనుకున్నాను. నాలుగు వైపులా కంచె లోపల పది గజాలకొకటి చొప్పున, దారం పట్టి కొలిచి, వరసగా కుప్పలు పోశాను. చీర తీసిన సందు దగ్గర రెండు పెద్ద కుప్పలు, వాకిలికి అటొకటి ఇటొకటి. అప్పటికీ ఒక సంచిలో సగం మిగిలింది. నడుమ బోసిగా ఉందనిపించి, చేను మధ్యలో ఒక పెద్ద కుప్ప పోశాను. గట్టెక్కి చూసుకుంటే చేను కొత్త చీర పరిచినట్టే ఉంది.

మీరు నమ్మరు, రెండు రోజులు ఒక్క జింక రాలేదు. రెండు రోజులూ పళ్లెం ముట్టుకోలేదు. పగలు కూడా పడుకున్నాను. అక్కకు ఫోన్ చేసి గొప్పలు పోయాను.

"అక్కా, చేన్ల పిట్ట గూడ వాలుతలేదు."

"నిజమారా! మంచిగ జేసినవ్ తమ్మీ. ఎల్లుండి దవాఖాన్ల చుట్టి ఇస్తరంట. పొద్దుగాల బండికే వస్తున్నం." దవాఖాన్ల చుట్టి అంటే బావను ఇంటికి పంపిస్తారని. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను, పెట్టలేదు. "తమ్మీ, నీ తెలివేం పెట్టలేదు గద?"

"లే అక్కా."

వాళ్లు వచ్చే రోజు పొద్దున నన్ను లేపింది చప్పుడు. కర్రకు కర్ర తగిలినట్టు టకటకమని. చేను గట్టెక్కి చూశాను.

చేను నడుమ పెద్ద కుప్ప మీద నల్లపోతు నిలబడి ఉంది. ముక్కు ఆకాశానికి ఎత్తి, కొమ్ములు వీపుకు ఆనించి, చెవులు వాల్చి, తోక పైకి చుట్టి, అటు నాలుగు అడుగులు ఇటు నాలుగు అడుగులు వేస్తూ. ఆ నడక నేను కొత్త పెళ్లికొడుకుల దగ్గర చూశాను. తూర్పు అంచున ఇంకో రెండు పోతులు ఒక కుప్ప కోసం కొమ్ములు కలిపి నెట్టుకుంటున్నాయి. కంచె బయట కుర్రపోతులు వరసగా నిలబడి మెడలు చాచి చూస్తున్నాయి. ఇక ఆడజింకలు, పాతిక ముప్పై, నేను కట్టిన లుంగీ పక్కనుంచి ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి; వచ్చిన ప్రతిదీ ముందు మగాళ్ల వైపు ఒక చూపు చూసి, తర్వాత తల వంచి శనగ చిగురు తుంచుకుంటోంది. 

పిలవని పేరంటానికి వచ్చినవి కావవి. బొట్టుపెట్టి పిలిచింది నేనే.

పళ్లెం తెచ్చి కొట్టాను. బాజా తక్కువైన పెళ్లికి అది కూడా అమరింది. ఆడజింకలు పది అడుగులు జరిగి మళ్లీ మేతకు దిగాయి. నల్లపోతు జరగనే లేదు. ఇంకా గట్టిగా కొడితే నా వైపే రెండు అడుగులు వేసింది. దాని పెంట ఎత్తుకొచ్చింది నేనేనని దానికి తెలుసన్నట్టుంది. నేనే వెనక్కి జరిగాను.

అప్పటికి బాలప్ప తాత వచ్చాడు. ఆయన కబురు పెట్టాడేమో, కాసేపటికి బీటు ఆఫీసరూ బండి మీద వచ్చాడు. ఇద్దరూ గట్టు మీద నిలబడి చేనును, కుప్పల వరసను, నన్నూ చూశారు.

"ఏంది గీ వరస?" అన్నాడు ఆఫీసరు.

"మీరే అన్నరు గద సార్, పెంట ఉన్నకాడికి వేరే పోతులు రావని."

"పోతు ఉన్నకాడ పెంట ఉంటె రావయ్యా! ఉత్త పెంటుండి పోతు లేకపోతె అది ఖాళీ గద్దె. నాదంటె నాదని ఉన్న పోతులన్ని వస్తయి. నేను జెప్పేది ఇనకపోతివి. పోతు జాగ వట్టేదే ఆడజింకల కోసం. ఎక్కడ కుప్పలు వెట్టి పోతులు నిలవడతయో, ఎతుక్కుంట గాడికే వస్తయి ఆడజింకలు. జోడు కట్టేది ఆడనే."

"నువ్వు ఒక్క జాగ గాదు, నలభై జాగలు జేసినవ్," అన్నాడు తాత. "మంచి కొలత మీద జేసినవ్. ఆ ముచ్చట ఒప్పుకోవాలె."

కంచె చేను మేయడం సామెతలో ఉంది. చుట్టాలను పిలిచి మేపిన కంచె నాదొక్కటే. అంతలోనే గట్టు కింద ఆటో ఆగింది. బావ కట్టు కాలు చాపుకుని వెనక సీట్లో ఉన్నాడు. అక్క దిగింది.

అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. అక్క గట్టెక్కి చేను వైపు చూసింది. పన్నెండు రోజులు దవాఖాన బల్ల మీద కూర్చుని నిద్రపోయిన మనిషి. ఆ మొహంలో కోపానికి కూడా ఓపిక లేదు. అది చూసినప్పుడు నాకు మొదటిసారి నిజంగా సిగ్గేసింది. తర్వాత ఆమె చూపు కంచె వెంట నడిచి, ఉత్తరం మూల లుంగీ దగ్గర ఆగింది.

"ఆడ నాయిన చీరె ఉండాలె. యాడికి వొయింది?"

"నేనే ఇప్పినక్కా. నా సంచిల ఉన్నది. నాయిన నేసింది కట్టెకు కడితె నాకు మనసొప్పలే."

"నాకు ఒప్పిందనుకున్నవా?" అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. "ఆ మూలనే జింకలు వచ్చే తొవ్వ. ఎన్ని నైలాన్ చీరెలు గట్టినా గాలికి పీలికలయినయి. నాయిన నేత ఒక్కటే ఆగింది. అందుకే ఆడ గట్టిన. పొద్దున లేస్తె ఆ మూల సూసి, నాయిన కావలున్నడులే అనుకొని పనికి వొయేదాన్ని."

బావ ఆటోలోంచే "పోనియ్యి, తెల్వక జేసిండు" అన్నాడు. తెలివి ఉండి చేశానని ఆయనకు తెలియదు.

ఆ రోజంతా మేము చేసిన పని కుప్పలు ఎత్తడం. తాత, ఆఫీసరు, ఊళ్లో వాళ్లు మరో పదిమంది డప్పులతో ఒకవైపు నుంచి వస్తే, మధ్యాహ్నానికి జింకలు బీడులోకి కదిలాయి. నల్లపోతు అందరికంటే చివర పోయింది. దాని పెంటంతా సంచుల్లో మోసి, దాని పాత చోటే తిరిగి పోశాను. దొంగతనం చేసిన సొమ్ము సొంతదారు కళ్లముందే తిరిగి సర్దడమంత అలసట పని ఇంకోటి లేదు. అక్క నాయిన చీరను తన చేత్తోనే కట్టింది. నేను ముడి వేయబోతే చెయ్యి పక్కకు నెట్టింది.

చేను నడుమ అరెకరం తొక్కుడుకు నేల గట్టిపడి పోయింది. మిగతా చోట చిగుళ్లన్నీ తుంచుకుపోయాయి. ఊరంతా పోయిందనే అనుకున్నారు. బాలప్ప తాత మాత్రం "తుంచిన శనగ కొమ్మలు ఏస్తది, జర ఓపిక వట్టుండ్రి" అన్నాడు. కొమ్మలు వేసింది. సగానికి కాస్త మించి చేతికొచ్చింది. ఆ యాసంగి పంటకాలమంతా నేను అక్కడే ఉన్నాను. తెల్లవారకముందే పళ్లెం పట్టుకుని తిరిగాను. "నాకు ఓపిక లేదు" అనే మాట ఆ మూడు నెలలు నా నోట రాలేదు, అనడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

కోతలు అయ్యాక ఇంటికొచ్చి దుమ్ముపట్టిన మగ్గం దులిపాను. నాయిన చీరను ఆ కట్టె మీంచి ఇంటికి తెచ్చుకోవాలంటే దాని స్థానంలో అంత గట్టిది ఇంకోటి కావాలి. దుకాణాల్లో అలాంటిది దొరకదు. నేయాలి. కూర్చోవడం చేతకానివాణ్ణి రోజూ కూర్చున్నాను. నడుము విరిగింది, పోగులు తెగాయి, అతికాను. నా చేత్తో మొదలుపెట్టి నా చేత్తో పూర్తిచేసిన మొట్టమొదటి చీర అది. ఎర్ర చీర, పసుపు అంచు, అన్ని గుళ్లకూ అన్ని మెట్లూ ఉన్నాయి. జింకలకని నేసిన చీర అంత శ్రద్ధగా ఏ పెళ్లికూతురికీ ఎవరూ నేసి ఉండరు.

ఎండాకాలంలో దాన్ని తీసుకుని అక్క ఊరికి పోయాను. అక్క చేను దగ్గరే ఉంది. బావ చేతికర్రతో నడుస్తున్నాడు. పక్క బీడులో ఎండుగడ్డి మధ్య ఒక చిన్న జింకపిల్ల మెడ నేలకు ఆనించి ఒంటరిగా పడుకుని ఉంది. చుట్టూ తల్లి లేదు. పాపం అనిపించింది. ఎత్తుకుందామని వంగాను.

"నీ తెలివి పెట్టకు!" అక్క గట్టు మీంచి కేక వేసింది. "తల్లి దాసిపెట్టి మేతకు వోయింది. వచ్చి పాలిస్తది. నువ్వు ముట్టకు. ఇంక నాలుగున్నయి గట్లాంటియి. లెక్క జూసుకో, దసరా అయినంక ఎవరి పెండ్లిండ్లు జేసినవో."

నేను చేతులు వెనక్కి కట్టుకుని గట్టెక్కాను. చీర తీసి అక్క చేతిలో పెట్టాను. "నాయిన చీరె జాగల ఇది గట్టు. అది నేను తీస్కపోత" అన్నాను. అక్క మడత విప్పింది. అంచు వెంట వేలు నడిపింది, కొసదాకా. తప్పు దొరుకుతుందేమోనని నేనూ ఆ వేలి వెంటే చూస్తూ పోయాను.

"నువ్వే నేసినవా?"

"నేనే."

"మొత్తం?"

"మొత్తం."

అక్క చీరను భుజం మీద వేసుకుని చూసుకుంది. బావను కేకేసి చూపించింది. తర్వాత మడతపెట్టి చంకన పెట్టుకుంది.

"గింత మంచిది జింకలకెందుకురా? ఇది నేను గట్టుకుంట."

"మరి నాయిన చీరె?"

అక్క ఉత్తరం మూలకు చూసింది. వెలిసిన ఆకుపచ్చ చీర గాలికి కొట్టుకుంటోంది.

"నాయినను ఆడ్నే ఉండనియ్. కావలి మంచిగ జేస్తుండు. నువ్వు నేస్తవని ఇయ్యాల తెలిసింది, కాపలా కాయవని పోయినేడే తెలిసింది."

ఇదీ సంగతి. ఇప్పుడు నాకు మగ్గమే పని. కూర్చుంటే నడుము నొప్పి, లేస్తే మోకాళ్ల నొప్పి. ఈ కాగితం చదివినవాళ్లందరి ఎదుట, ఒక మెట్టు తక్కువైన ఆ గుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒకరు "కాని" అన్న తర్వాత టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా బల్ల మీంచి లేవను. ఒంటరిగా పడుకున్న ఏ జింకపిల్ల మీదా జాలిపడను. మా అక్క పెట్టొద్దన్నచోట తెలివి పెట్టను. అన్నిటికీ మించి, సొంతదారు ఎంత దూరంలో ఉన్నా, ఎంత నీడలో పడుకున్నా, ఇంకొకరి పెంట జోలికి ఈ జన్మలో పోను.